ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పాత కోటు

విదేశయాత్ర అనగానే కొత్త వస్తువుల కొనుగోలే మనకు గుర్తుకు వస్తుంది. శిక్షణకై వెళ్ళిన మాకు ఆక్స్‌ఫర్డ్ నవంబరు చలి వేరొక దారి చూపింది. వెంట తీసుకువెళ్ళిన స్వెట్టరు ఆ చలికి ఆగలేదు; కొత్త ఉన్నికోటు ధర మా భత్యానికి అందలేదు.

ప్రజలు ఉచితంగా ఇచ్చిన పాత దుస్తులను అమ్మి, ఆ సొమ్మును సేవాకార్యాలకు వినియోగించే దుకాణాలు ఆ దేశంలో విరివిగా కనిపిస్తాయి. 1942లో గ్రీసు క్షామపీడితులను ఆదుకొనేందుకు ఏర్పడిన ఆక్స్‌ఫామ్ సంస్థ, 1948లో అదే నగరంలోని బ్రాడ్ స్ట్రీట్‌లో ఇటువంటి దుకాణాన్ని తెరచింది.

అటువంటి దుకాణమొకదానిలో మాకు సరిపడే కోటు దొరికింది. అయినా చేయి ముందుకు రాలేదు. ఒకరు విడిచినది తొడుక్కోవడమా? అక్క పరికిణీ చెల్లెలికి, అమ్మ పట్టుచీర కూతురికి చేరడం మనకు కొత్త కాదు. కాని అవి అయినవారివి. ఇది ముక్కూ మొహమూ తెలియనివారిది. అస్తరు తిరగవేసి చూశాము. ఒకచోట చిరుగును ఎవరో సన్నని కుట్లతో ఓపికగా కలిపి ఉన్నారు. దానితో మా సంకోచం తొలగింది.

పర్యటనలకు వెళ్ళే మిత్రులకు ఒక మనవి. చంకలు, కాలరు, జిప్పు వెలుతురులో పరీక్షించండి. ఉన్ని దుస్తులలో పురుగు కొట్టిన రంధ్రాలు వెదకండి. చీటీపై అంకెను నమ్మక తొడిగి చూడండి. ముఖ్యంగా స్త్రీల దుస్తులలో పాతకాలపు కొలతలు, అదే అంకె గల నేటి కొలతలకన్నా చిన్నవి.

తిరుగు ప్రయాణానికి ముందురోజు, ఊడిన గుండీని కుట్టి, ఆ కోటును అదే దుకాణానికి ఇచ్చివచ్చాము. మా కుట్టు అంత సన్నగా కుదరలేదు. గట్టిగా మాత్రం ఉన్నది.