నీళ్లు ఆపకండి, బండి ఆపండి



బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే మన నల్లచెరువు, తనకల్లు, గాండ్లపెంట పల్లెల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. కొందరు మొక్కుబడి తీర్చుకోవడానికి వేళాంకణికి, కొందరు ఆరోగ్యం చూపించుకోవడానికి వేలూరుకు, మరికొందరు బెంగళూరులో పనులు చేసుకునే బిడ్డల దగ్గరకు వెళ్తారు. నాలుగిళ్ల వాళ్లు కలిసి వ్యాను మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది, పిల్లలకూ సంబరంగా ఉంటుంది. ఇలాంటి ప్రయాణాలు మంచివే. అయితే వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లిన పిల్లలు వచ్చేటప్పుడు నేరుగా మా వార్డుకు రావడం ప్రతి వేసవిలోనూ చూస్తున్నాము. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము.

ఆ రాత్రి జరిగినది

కొన్నేళ్ల క్రితం మే నెలలో, రాత్రి పదిన్నర దాటిన తర్వాత ఒక వ్యాను మా గేటు ముందు ఆగింది. వేళాంకణి నుండి తిరిగి వస్తున్న పద్నాలుగు మంది అందులో ఉన్నారు. ఒక అవ్వ మూడేళ్ల మనవరాలిని భుజాన వేసుకొని దిగింది. పాప కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది, ఏడుస్తున్నా కన్నీళ్లు రావడం లేదు. పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది. ఉదయం నుండి మూత్రం పోయలేదు.

"దోవలో నీళ్లు తాపలేదా అవ్వా?" అని అడిగాము.

"తాపితే ఊరికే ఒంటికి అంటాదమ్మా. మాటిమాటికీ బండి ఆపమంటే డ్రైవరు కసురుకుంటాడని కొంచెం తగ్గించినాము" అంది అవ్వ.

ముందు సీటులో ఉన్న తల్లి, వెనుక అవ్వ తాపుతోందనుకుంది. అవ్వ మాత్రం తల్లి దిగినప్పుడల్లా తాపి ఉంటుందనుకుంది. మధ్యాహ్నం నుండి పాప మూడుసార్లు వాంతి చేసుకుంది. అందరూ అది బస్సు పడని వాంతి అనుకున్నారు.

దేవుని కృపవలన సెలైన్ ఎక్కించిన కొన్ని గంటలకు పాప మూత్రం పోసింది. మూడో రోజు ఇంటికి వెళ్లింది. అయితే ఆ కుటుంబం అంతకు ముందే పాపకు జలుబని మా దగ్గరకు వచ్చి, ప్రయాణం సంగతి చెప్పి వెళ్లింది. మేము "సంతోషంగా వెళ్లి రండి" అన్నాము గాని ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. ఆ తప్పు మాదే. అప్పటి నుండి ఎవరు ప్రయాణం మాట ఎత్తినా మా నర్సులు చెప్పే మొదటి మాట ఒకటే: నీళ్లు ఆపకండి, బండి ఆపండి.

బండి ఎప్పుడు ఆపాలి?

రెండు గంటలకు ఒకసారి తప్పనిసరిగా ఆపాలి. ఈ మాట బండి మాట్లాడుకునే రోజే డ్రైవరుతో చెప్పండి. బయలుదేరిన తర్వాత చెబితే గొడవవుతుంది. ఈ విశ్రాంతి డ్రైవరుకూ అవసరమే. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు అడగడానికి మొహమాటపడవద్దు. ఆడపిల్లలు సిగ్గుతో మూత్రం బిగబట్టుకుంటారు, దానివల్ల చీము, మంట వస్తాయి. బండి ఆగిన ప్రతిసారీ తల్లి వెంట తీసుకువెళ్లాలి.

రాత్రి రెండు నుండి తెల్లవారుజాము ఐదు వరకు డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే సమయం. రాత్రంతా నడిపించకుండా తెల్లవారి ఐదింటికి బయలుదేరండి. మండుటెండ వేళ నీడన ఆగండి. ఆగినప్పుడు నిద్రపోతున్న బిడ్డను బండిలో వదిలి తలుపులు వేసి పోవద్దు. ఎండలో నిలిపిన బండి లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. పిల్లల శరీరం పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది.

ఏమి తాపాలి, ఏమి పెట్టాలి?

ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలంలో కూడా తల్లిపాలే చాలు. నీళ్లు తాపకూడదు, మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వాలి. తల్లి మాత్రం బాగా నీళ్లు తాగాలి. పెద్ద పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుండే తీసుకువెళ్లండి. ఉదయం వండిన చిత్రాన్నం ఉదయమే తినేయాలి. సాయంత్రానికి బొరుగులు, అరటిపండ్లు, చెనక్కాయలు మేలు. అయితే నాలుగేళ్ల లోపు పిల్లలకు కదిలే బండిలో చెనక్కాయ గింజలు ఇవ్వవద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండైనా సంచిలో ఉండాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే వేలమందిని బ్రతికించారు. పెద్ద ప్యాకెట్‌ను ఒక లీటరు నీళ్లలో కలపాలి. చిన్న సీసాలో కొంచెం, కొంచెం పొడి వేయడం తప్పు. కలిపినది 24 గంటలలోపు వాడాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున తాపండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు పావు గ్లాసు నుండి అర గ్లాసు, అంతకు పెద్ద పిల్లలకు అర గ్లాసు నుండి ఒక గ్లాసు ఇవ్వాలి.

అంగట్లో తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. కాబట్టి మందుల షాపులో పొడి ప్యాకెట్ అడిగి, దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి తీసుకోండి.

కూర్చునే చోటు

ముందు సీటులో ఒడిలో బిడ్డను పెట్టుకోవద్దు. బండి గట్టిగా ఆగితే తల్లి చేతులు ఎంత గట్టివైనా బిడ్డను పట్టుకోలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని తప్పనిసరి, లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, బిడ్డ పోతే తెచ్చుకోలేము. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టండి. కిటికీలోంచి తల, చేతులు బయట పెట్టనివ్వవద్దు. సరుకుల బండి వెనుక పిల్లలను ఎక్కించవద్దు.

బండి పడని పిల్లలకు బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టవద్దు. సెల్‌ఫోను చూడనివ్వకుండా, దూరంగా ముందుకు చూడమనండి. పిల్లలు నిద్రపోవాలని దగ్గు మందు, నిద్ర మందు తాపడం ప్రమాదం. వాంతుల మాత్ర కూడా డాక్టరును అడగకుండా వేయవద్దు.

ఒక్కరికి అప్పగించండి

లూకా సువార్త రెండవ అధ్యాయంలోని సంగతి మీకు తెలిసినదే. పస్కా పండుగ తర్వాత పన్నెండేళ్ల యేసు యెరూషలేములోనే ఉండిపోతే, బంధువుల గుంపులో ఉంటాడులే అనుకొని మరియ, యోసేపులు ఒక రోజు ప్రయాణం సాగిపోయారు. వారు అజాగ్రత్తగల తల్లిదండ్రులు కారు. మనుషులు ఎక్కువైనప్పుడు ప్రతివారూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. ఆ రాత్రి వ్యానులో పద్నాలుగు మంది ఉండి కూడా పాప నీళ్లు ఎవరూ చూడకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క పెద్దవారికి పేరు పెట్టి అప్పగించండి. ఎప్పుడు తాగాడు, ఎప్పుడు మూత్రం పోశాడు అని అడిగితే వారు చెప్పగలగాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

బిడ్డ ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఏమి తాపినా కక్కేస్తున్నా, మలంలో రక్తం పడినా, ఫిట్స్ వచ్చినా ఇంటికి చేరేదాకా ఆగవద్దు. మదనపల్లె దారిలో అయితే 1915 నుండి సేవ చేస్తున్న ఆరోగ్యవరం ఉంది. ఏ దారిలోనైనా దగ్గరున్న ఆసుపత్రికే వెళ్లండి. అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై ఇబ్బంది వస్తే 1033 నంబర్లకు ఫోను చేయవచ్చు.

ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. మొన్న జ్వరమని వచ్చినప్పుడు ఆమె చేతిలో నీళ్ల సీసా ఉంది. అవ్వ మమ్మల్ని చూసి, "ఇప్పుడు నేనే ఆపమని అరుస్తానమ్మా, డ్రైవరు ఏమన్నా అనుకోనీ" అంది.

ప్రయాణానికి ముందు కుటుంబమంతా ప్రార్థన చేసుకోండి. ఆ తర్వాత నీళ్ల సీసాలు లెక్కపెట్టుకోండి. మీ రాకపోకలలో దేవుడు మీకు తోడైయుండును గాక.