బదిలీ వర్కరుకున్న దారి

న్యూఢిల్లీలో తెల్లవారేసరికి కూలీల అడ్డాలు ఇప్పటికీ నిండుతున్నాయి. అయితే గోదాములో ఒకరు రాకపోతే, ఆ పూటకు మరొకరిని పిలిచే పనిలో మేస్త్రీకి ఇప్పుడు ఫోను పోటీ వచ్చింది.

సింగరేణి పాఠకులకు ఇది వింత కాదు. గైరుహాజరైనవాని స్థానంలో దిగే బదిలీ వర్కరు వారికి చిరపరిచితుడే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేర్చిన అధ్యాయం అతనికి లేఆఫ్ పరిహారం నిరాకరించింది. నిర్దయే అనాలి. అయినా ఏడాది నిరంతర సర్వీసు పూర్తయితే, ఆ పరిహారం మట్టుకు, అతను బదిలీ కాడని కూడా అదే చెప్పింది. ఏడాది అంటే భూగర్భంలో 190 రోజులు, ఉపరితలంలో 240. ఈ మస్టర్ల లెక్క గని కార్మికునికి కంఠస్థం.

2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుణ్ణి పేరుపెట్టి గుర్తించింది. సంతోషమే. ఫోను ద్వారా పని కుదిర్చే సంస్థలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకిచ్చే సొమ్ములో 5 శాతానికి మించకుండా, నిధికి చెల్లించాలన్నది. కాని ఆ నిర్వచనమే అతనిని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల నిలిపింది. ఎన్ని పిలుపులకు హాజరైతే ఆ గీత దాటగలడో చూద్దామని స్మృతిని రెండుసార్లు తిరగవేశాను. అలాంటి అంకె ఏదీ నా కంటబడలేదు.