పట్టా కుంటకు గండి పడితే పూచీ ఎవరిది?

అబ్దుల్లాపూర్‌మెట్: మృగశిర రాకముందే కట్ట మీది ముళ్లతుమ్మ కొట్టించడం, తూము సరిచూసుకోవడం, అలుగు కింది కాలువ సాపు చేయడం ఒకప్పుడు ఊళ్లలో ఆనవాయితీ. సర్కారు చెరువులకైతే ఇప్పటికీ ఏదో ఒక ఆఫీసు పేరు చెప్పుకోవచ్చు. పట్టా భూముల్లో రైతులు సొంత ఖర్చుతో పోసుకున్న కుంటకట్టల సంగతే ఎటూ కాకుండా పోయింది.

విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ పొలాలు ప్లాట్లయ్యాయి. కుంట కింద వరి ఉన్నంతకాలం రైతు రోజుకోసారైనా కట్ట మీద నడిచేవాడు. మడి లేనప్పుడు తూము తెరిచే పని లేదు, తెరిచేవాడూ లేడు. నీరు మాత్రం వానపడితే పాత దారినే వచ్చి కట్టకు ఆనుతుంది. కిందనున్నది నాటు కాదు, ఇండ్లు.

2020 అక్టోబరు 13న హయత్‌నగర్ ప్రాంతంలో ఒక్కరోజులోనే దాదాపు 30 సెంటీమీటర్ల వాన కురిసింది. ఇనాంగూడ దగ్గర వరద రోడ్డెక్కి రాకపోకలు ఆగిపోయాయి. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. అంత వాన ఏటా రాదు. వచ్చిన ఏడు మాత్రం కట్ట ఎవరిదని అడగదు.

సొంతదారు కట్టించి సొంతదారే కాపాడే చెరువులు మన ప్రాంతానికి కొత్త కాదు. దశబంధం అనే ఇనాం అందుకోసమే ఉండేది. చెరువు తవ్వించినవానికి గాని, తెగిన కట్టను నిలబెట్టినవానికి గాని శిస్తులో వంతో, తక్కువ పన్ను మీద మాన్యమో ఇచ్చేవారు. అది ఉత్త బహుమానం కాదు. ఏటా మరమ్మతు చేయాలన్నది షరతు. 1949లో జాగీర్లు, 1955 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. దున్నేవానికి భూమి దక్కడం న్యాయమే. పెద్ద చెరువులు సర్కారు చేతికి వెళ్లాయి. చిన్న కుంటల భూమికి వారసులు దొరికారు గాని, కట్టపనికి వారసుడు దొరకలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. అది ఒక విడత పని. ఏటేటా పార పట్టవలసిన పని వేరు.

పేరున్న కట్టకైనా ఈ బాధ తప్పదని వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ చూపింది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి పేరిట 1949లో దీనికి పునాది వేయించారు. 1959 నాటికి పూర్తయింది. గేట్లు ఎత్తే పనిలేకుండా, నిండగానే సైఫన్లు వాటంతటవే నీటిని దిగువకు లాగివేసే ఏర్పాటు దీని విశేషం. దూరప్రాంతాల ఇంజనీర్లు వచ్చి చూసిపోయేవారు. అటువంటి ప్రాజెక్టుకు 2019 డిసెంబరు 31 తెల్లవారుజామున మట్టికట్ట ఎడమవైపు గండి పడింది. అప్పుడు తుపాను లేదు, కుండపోత లేదు. ఏళ్ల తరబడి సరిగా నిండని జలాశయంలోకి ఎత్తిపోతల నీళ్లు తెచ్చి నింపారు, ముసలి కట్ట తట్టుకోలేదు. నీరంతా దిగువన రామన్‌పాడు వైపు పోయింది. తర్వాత గండి పూడ్చి కట్టను నిలబెట్టారు. పేరు తెచ్చిన సైఫన్లను చూసినంత శ్రద్ధగా పక్కనున్న మట్టిని ఎవరూ చూసినట్టు లేదు.

ఆనకట్టల భద్రతకు 2021లో కేంద్రం చట్టం చేసింది. యజమాని సర్కారే కానక్కరలేదు, కంపెనీ అయినా సరే, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయించాలి, మరమ్మతులకు డబ్బు కేటాయించాలి. పాటించకపోతే జైలుశిక్ష కూడా ఉంది. అయితే ఇది 15 మీటర్లు మించిన ఆనకట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు లోబడిన వాటికీ మాత్రమే. పది పదిహేను అడుగుల కుంటకట్ట ఈ చట్టం కంటికి ఆనదు. దాని కింద పడుకున్నవారికి పది అడుగుల నీరు చాలు.

కట్టను చూడటానికి ఇంజనీరే రానక్కరలేదు. తుమ్మ పెరిగితే వేరు లోపలికి దిగుతుంది, చెట్టు చచ్చాక వేరు కుళ్లి ఆ జాగా గొట్టంలా మిగులుతుంది. పందికొక్కు బొరియలూ అంతే. అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి రెండడుగుల నీళ్లు ఎక్కువ ఆపడం కొన్నిచోట్ల అలవాటు. అది కట్టకు ఉరి వేయడమే. మట్టికట్ట మీద నుంచి నీరు పొర్లితే తెగడానికి ఎక్కువసేపు పట్టదు.

కట్ట వెనక ఊట ఉంటే దాని రంగు చూడాలి. తేటగా, ఎప్పటి మాదిరిగా వస్తుంటే కనిపెట్టి ఉంటే చాలు. బురదగా వచ్చినా, ధార పెరిగినా లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. చాలామంది కంగారులో ఊట మీద మట్టి కుమ్మరిస్తారు. అక్కడ ఆగిన నీరు పక్కన మరోచోట లేస్తుంది. ముందు ఇసుక, పైన కంకర, ఆపైన రాళ్లు పేర్చాలి. నీరు రావాలి, మట్టి ఆగాలి. అదే సమయంలో తూము ఎత్తి మట్టం దించాలి, దిగువ ఇండ్లవారికి కబురు పెట్టాలి.

పట్టా కుంట ఎవరి పేరున ఉందో రెవెన్యూ రికార్డులో ఉంటుంది. పంచాయతీలు వానలకు ముందే తమ పరిధిలోని ఇటువంటి కట్టల పట్టిక రాసి, యజమానిని పిలిపించి, తూము తలుపు ఒక్కసారి ఎత్తించి చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు. వాడక తుప్పుపట్టిన తలుపు వరదనాటి రాత్రి కదలదు.