పెరటిలోని రెండవ యిల్లు

ఇబ్రహీంపట్నము మొదలుకొని మెట్‌పల్లి, కోరుట్లల వఱకు గల యూళ్లలో వీధివైపున ఇల్లును, దాని వెనుక పెరడును ఉండుట పూర్వపు వాడుక. పెరటిలో బావి, వేపచెట్టు, పశువులకొట్టము ఉండెడివి. నేడు పశువులు తగ్గినవి. కుమారులకు వివాహములైనవి. కొట్టముండిన తావున రెండవ యిల్లు లేచుచున్నది. దాని సొమ్ములో కొంత దుబాయి, మస్కట్టులనుండి వచ్చును. కొంత, ఇంటి ఆడువారు దినమంతయు కూర్చుండి చుట్టిన బీడీల కూలి. ఇంతటి కష్టార్జితమును గోడలలో పోయుచు, ఆ గోడలకు కాగితము లేకుండ నుంచుట మనలో పలువురికి అలవాటైపోయినది. మేస్త్రీ వచ్చి త్రాడు పట్టుటతో పని మొదలగును. అనుమతిమాట స్లాబు పడిన పిదప జ్ఞప్తికి వచ్చును. ఈ క్రమమును తలక్రిందులు చేయవలసినదని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మొట్టమొదట విచారింపవలసినది స్థలము ఎవరి పేర నున్నదన్న సంగతి. పెరడు మామగారి పేర నుండును. కట్టించువాడు రెండవ కుమారుడు. కుదువకు పోయినవి కోడలి నగలు. మామగారు జీవించియున్నంతకాలము ఎవరికిని పట్టింపు లేదు. ఆయన వెనుక పాలివారు కూర్చుండి “స్థలము ఉమ్మడిది గదా” అనునప్పుడు కోడలి చేతిలో నేముండును? కావున పునాదికి ముందే ఆ భాగమును దానపత్రముగానో, అందఱి సమ్మతితో పంపకపత్రముగానో వ్రాయించి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున రిజిస్టరు చేయించుట మేలు. తెల్లకాగితముపై పెద్దమనుషుల వ్రేలిముద్రలు చాలవు. ఈ మాట కోడలు ఎత్తినచో ఇంట తప్పుగా తోచును; కుమారుడే ఎత్తుట యుక్తమని మా యభిప్రాయము.

ఊరినడుమ నున్న పాతయిండ్లు చాలవఱకు గ్రామకంఠపు భూమిలోనివి. వానికి పాసుపుస్తకము లుండవు. తరతరములుగా కట్టిన యింటిపన్ను రసీదులే అక్కడ పెద్ద ఆధారము. వానిని పాతకాగితములవానికి వేయక, పట్టుచీరలతోపాటు పెట్టెలో దాచుడు.

ఇబ్రహీంపట్నము మండలకేంద్రమైనను గ్రామపంచాయతియే. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ననుసరించి ఇల్లు కట్టుకొనుటకు పంచాయతి అనుమతి పొందవలెను. స్థలపు పత్రములు, పన్ను రసీదు, ఇంటి నక్షా సిద్ధపఱచుకొని పంచాయతి కార్యదర్శిని కలిసికొనుడు. నక్షాలో పాతయిల్లు, క్రొత్తయిల్లు, బావి, మరుగుదొడ్డి గుంట అన్నియు చూపవలెను; అన్నిటికంటె ముఖ్యముగా దారి చూపవలెను. వెనుకయింటికి మంచము పోవుటకును, అంబులెన్సువారు రోగిని మోసికొని పోవుటకును త్రోవ లేని యిండ్లు మేమెన్నియో చూచితిమి.

2024 మార్చిలో ఆరంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకమున, అర్హులై సొంతస్థలము గలవారికి 5 లక్షల రూపాయలు విడతలుగా నిత్తురు. ఇల్లు ఆడువారి పేర మంజూరగుట ఇందలి విశేషము. వైశాల్యము 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. ఒక అర్ర ఎక్కువ వేసికొందమని కొలత దాటినచో విడత ఆగిపోవు ప్రమాదము గలదు.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలలు పురపాలకసంఘములు గనుక అక్కడ మార్గము వేఱు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టము ప్రకారము 75 చదరపు గజములలోపు స్థలమున చిన్నయిల్లు కట్టువారికి అనుమతి అక్కఱలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్లవఱకు స్థలము, 10 మీటర్లవఱకు ఎత్తు ఉన్నచో యజమాని స్వయముగా ధ్రువపఱచినంతనే అనుమతి దొరకును. ఇది సులభమే కాని, వ్రాసి యిచ్చినదానికి భిన్నముగా కట్టినచో నోటీసైన నీయక కూల్చు అధికారము 2019 పురపాలక చట్టమున నున్నది. పెరటియింటివారు లెక్కలో మొత్తము స్థలమును చూపవలెను గాని పెరటి ముక్కను మాత్రము చూపరాదు.

ఇక కరెంటు. 2024లో వచ్చిన గృహజ్యోతి క్రింద అర్హత గల యింటికి నెలకు 200 యూనిట్లవఱకు బిల్లు లేదు. దాటినచో ఆ నెల బిల్లంతయు చెల్లింపవలెను. రెండు కాపురములు, రెండు కూలర్లు ఒకే మీటరుపై నడచిన వైశాఖమున 200 దాటుట యెంత సేపు? అత్తాకోడండ్ర తగవులకు ఈ మీటరొకటి క్రొత్తగా కారణమైనది. వేఱు పొయ్యి ఉన్నచోట వేఱు మీటరు అడుగుట మంచిది. దానికి ఇంటినంబరు కావలెను, ఇంటినంబరునకు పంచాయతి కాగితము కావలెను; అనుమతి తీసికొనక కట్టినవారు ఇచ్చటనే చిక్కుకొందురు.

దేశాంతరమున పెరటియింటికిని, కరెంటుకును ముడివేసిన శాసనములు గలవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, తలిదండ్రులను దాపున నుంచుకొన గోరు తెలుగువారికిని ఇవి తెలియవలసినవే. దరఖాస్తు సమగ్రముగా అందిన 60 దినములలో అధికారులు తేల్చవలెను. ప్రక్కల, వెనుక 4 అడుగులు విడిచిన చాలును. అయితే 2020 నుండి క్రొత్తగా విడిగా కట్టు పెరటియింటి కప్పుపై సౌరఫలకములు సాధారణముగా తప్పనిసరి. మనకు నిర్బంధము లేదు గాని సాయము గలదు: 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల సబ్సిడీ నిర్ణయించిరి.

మన దేశమున నివాసగృహముల వేడిని గూర్చి 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ వెలువడినది. అది 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 600 గజములు, అంతకు మించిన స్థలములకు ఉద్దేశింపబడినది. తెలంగాణపు 2023 నాటి చల్లని కప్పుల విధానము కూడ 600 గజములు మొదలుకొనియే ఇండ్లకు నిర్బంధము విధించి, చిన్నవారి యిష్టమునకు విడిచినది. పెరటియిల్లు చిన్నదైనను పూర్వుల స్థలము పెద్దదై యుండవచ్చును. అట్టివారు ముందే విచారించుకొనవలెను.

నిర్బంధము లేనివారికిని ఆ సంహితలోని లెక్క పనికివచ్చును. బయటికిని లోపలికిని ఒక డిగ్రీ తేడా యున్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పునుండి 1.2 వాట్లకు మించి వేడి దిగరాదని దాని నియమము. మనము వేయు ఉత్త స్లాబునుండి 3 వాట్లకు పైగా దిగును. 45 డిగ్రీల ఎండలో ఆ స్లాబుక్రింద మధ్యాహ్నము పరుండునది ముసలి అత్తగారో, పురిటికి వచ్చిన కూతురో. గూనపెంకుల యింట పెరిగినవారికి ఈ ఉక్క మరియు దుస్సహము. స్లాబుపై వేడి నాపు పలకలు అంగుళము మందమున పఱచి, పైన నీరు దిగకుండ గచ్చు చేయించినచో ఆ 3 వాట్లు సుమారు 1కి దిగును. అంత శక్తి లేనివారు ఎండలు ముదురకముందే తెల్లసున్నము రెండుపూతలు వేయించి, వానలకు కడిగిపోయినది మరల ఏటేట వేయించుకొనుడు. కిటికీలు, వెలుపలికి తెఱచు తలుపులు కలిసి నేల వైశాల్యమున నూటికి పన్నెండున్నరవంతుకు తగ్గకుండుట హైదరాబాదువంటి వాతావరణమునకు సంహిత చెప్పిన కొలత. ఒక్క కిటికీతో సరిపెట్టెడి మేస్త్రీ లుందురు, జాగ్రత్త. పడమటనున్న వేపచెట్టు అడ్డమని వారు కొట్టుమన్నను వినక, నక్షాలో దానిని కూడ గుఱుతు పెట్టించుడు.