ఒంట్లో వేసిన వలను శరీరం ఏం చేస్తుంది?

మనలో చాలామంది తండ్రులు, అన్నలు బరువు పనులు చేసేవారే. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో గేర్‌బాక్సులు దించేవారిని, లారీ కమాన్ కట్టలు మార్చేవారిని చూస్తూనే ఉంటాం. ఇలాంటివారిలో కొందరికి గజ్జల్లో వాపు వస్తుంది. దగ్గినా, బరువెత్తినా ఉబుకుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. అదే హెర్నియా. "ఆపరేషన్ చేసి వల వేయాలి" అని డాక్టరు గారు అనగానే, "ఒంట్లో ప్లాస్టిక్కా? ఒళ్ళు ఒప్పుకుంటుందా?" అని భయపడి బెల్టు బిగించుకుని ఏళ్ళు గడిపేస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కావడంతో ఈ ప్రశ్న నన్నే అడిగారు. జవాబు మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

వల ఎందుకు?

పొట్ట కండరాల గోడ బలహీనపడిన చోట లోపలి కొవ్వు గానీ, పేగు గానీ బయటికి తోసుకొస్తుంది. పూర్వం అంచులను దగ్గరికి లాగి కుట్టేవారు. ఆ బిగువు తట్టుకోలేక చాలామందికి హెర్నియా మళ్ళీ వచ్చేది. 1950ల చివరలో అమెరికా సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ వలను వాడుకలోకి తెచ్చారు. నేడు ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ వల. బండి బ్యాటరీల పెట్టెలు చేసేదీ ఈ జాతి ప్లాస్టిక్కుతోనే. కాకపోతే ఆసుపత్రి వలను వైద్యానికి తగినట్లు తయారుచేసి, క్రిములు లేకుండా శుద్ధి చేస్తారు.

లోపల జరిగే పోరాటం

1882లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్ళు గుచ్చి చూశారు. కదిలే కణాలు వచ్చి ముల్లు చుట్టూ మూగాయి. ఈ రంగంలో చేసిన కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. వల విషయంలోనూ జరిగేది ఇదే.

మొదట రక్తంలోని ప్రొటీన్లు వల పోగులకు అంటుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి. వాటి వెనుక మాక్రోఫేజ్‌లు, అంటే మింగే కణాలు, వస్తాయి. క్రిమినైతే మింగేస్తాయి గానీ పోగును మింగలేవు. అప్పుడు కొన్ని కలిసిపోయి మహాకణాలుగా మారతాయి. ఈలోగా ఫైబ్రోబ్లాస్టులు వల కన్నుల గుండా కొల్లాజెన్ అనే గట్టి పీచును అల్లుతాయి. శరీరం ఇలా వలను మచ్చతో చుట్టేస్తుంది. సర్జన్లకు కావలసింది ఈ మచ్చే. గోడకు బలం దానివల్లే వస్తుంది.

మరి మార్చిన కిడ్నీలా వలను శరీరం తిరస్కరించదా? కిడ్నీలో మరో మనిషి ప్రొటీన్లుంటాయి, లింఫోసైట్లు వాటిని గుర్తుపట్టి దాడి చేస్తాయి. ప్లాస్టిక్కులో అవి లేవు. అందుకే వల వేసినవారికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు అక్కర్లేదు.

ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. వల కన్నులు మరీ చిన్నవైతే పక్కపక్క పోగుల మచ్చలు కలిసిపోయి రేకులా బిగుసుకుంటాయి. కొందరికి చాలాకాలం నొప్పి ఉంటుంది. పోగుల సందుల్లో బాక్టీరియా దాక్కుంటే, వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన మాక్రోఫేజ్‌లు అక్కడికి దూరలేవు. అందుకే ఆపరేషన్‌కు ముందు పొగ మానాలి, షుగరు అదుపులో ఉంచుకోవాలి. వల వేసే చోటును బట్టి కూడా ఫలితం మారుతుంది. గర్భసంచి జారినవారికి యోని మార్గంలో వేసే వలల అమ్మకాన్ని అమెరికా 2019లో ఆపించింది.

ఖర్చు సంగతి

మన దేశంలో డాక్టర్ టోంగావ్‌కర్, మరికొందరు సర్జన్లు శుద్ధి చేసిన దోమతెర గుడ్డను హెర్నియాకు వాడి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఉగాండాలో 302 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే దోమతెర గుడ్డ వేసినవారిలో ఒక్కరికి హెర్నియా తిరిగి వచ్చింది, ఖరీదైన వల వేసినవారిలో ఎవరికీ రాలేదు. శరీరం చూసేది వల ధరను కాదు, దాని పదార్థాన్ని, అల్లికను, శుభ్రతను.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి పెద్దలకు చెప్పండి. బెల్టు గోడను బాగుచేయదు. ఉబ్బు లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే పేగు బిగుసుకుపోయి ఉండవచ్చు, అది ప్రాణాపాయం. గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆపరేషన్ అయినవారు డాక్టరు సరేనన్నాకే బరువులెత్తాలి. లోపల అల్లిక గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాలు నాన్న పనిలోకి వెళ్ళకుండా ఇల్లు గడిచేలా చూసుకోవడం కూడా వైద్యంలో భాగమే.