కలంకారీ: వృక్షమే చిత్రం, వృక్షమే వర్ణం

చిత్రకారుడు చెట్టును చూచి చెట్టును చిత్రించడం లోకసహజం. అయితే ఒక చెట్టు కాయతో వస్త్రాన్ని సిద్ధపరచి, వేరొక మొక్క వేరుతో దానికి రంగు దిద్దే కళ మన తెలుగునాట ఉన్నది. అదే కలంకారీ. ‘ఖలమ్’ అనే పారసీక పదానికి, పని అనే అర్థమిచ్చే ‘కారీ’ చేరి ఈ పేరు ఏర్పడింది. శ్రీకాళహస్తి కళాకారులు దీనినే తెలుగులో ‘వ్రాతపని’ అన్నారు. ఉర్దూ, తెలుగు భాషలు పక్కపక్కన వినిపించే మన కళాశాలలో ఈ రెండు పేర్లూ పరాయివి కావు.

ఈ కళకు ప్రధాన కేంద్రాలు రెండు. మచిలీపట్నం పరిసరాలలో చెక్క అచ్చులతో ముద్రిస్తారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ వస్త్రాలు పారసీక దేశానికి ఎగుమతి అయ్యేవి. ఆ సంబంధం వల్లనే వీటిలో పూలతీగలకు, జీవవృక్షానికి ప్రాధాన్యం కలిగింది. శ్రీకాళహస్తిలో రామాయణ, భారత గాథలను వెదురు కలంతో చేతితో వ్రాస్తారు. క్షీణిస్తున్న ఈ వ్రాతపనికి 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ కృషి ఊపిరి పోసింది. అక్కడ శిక్షణకేంద్రం వెలసింది. ఆ సంప్రదాయంలో తండ్రి లక్ష్మయ్యగారి వద్ద విద్య నేర్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారిని 2008లో పద్మశ్రీ వరించింది.

ఇందులోని రసాయనశాస్త్రం విద్యార్థులు గమనింపదగినది. నూలు వస్త్రాన్ని కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అలుక్కుపోదు. చింతబొగ్గుతో రేఖలు గీస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో వాటిపై వ్రాయగానే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లని గీత అవుతుంది. పటిక పూసి, చిరివేరు లేదా మంజిష్ఠతో ఉడికిస్తే పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. కరక్కాయ పువ్వు పసుపును, నీలిమొక్క నీలిని ఇస్తాయి. ప్రతి దశలోనూ పారే నీటిలో ఉతకాలి. కనుక అడవి, ఏరు, పత్తిచేను మూడూ ఉన్నచోటనే ఈ కళకు మనుగడ.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. సిరిసిల్లలో చేమగ్గం స్థానాన్ని మరమగ్గం ఆక్రమించింది. పత్తినూలుతో పాటు పాలిస్టరు ప్రవేశించింది. పత్తిని పట్టుకున్నట్లు పాలిస్టరును కరక్కాయ, పటిక పట్టుకోవు. ఆ బట్టపై కలంకారీ బొమ్మను యంత్రంతో అచ్చువేసి, కలంకారీ పేరుతోనే అమ్మడం నేడు బజారులో సర్వసాధారణం. చౌక బట్ట కొనడం దోషం కాదు. పేదవానికి అదే గతి. కాని దినాల తరబడి వ్రాసినవాని పేరును, క్షణంలో అచ్చుపడిన బట్టకు తగిలించడం న్యాయం కాదు. ఆ పేరుతో పాటు అతని కూలికూడా పోతుంది.

జగిత్యాల, కోరుట్ల పరిసరాలలో వేసవి ముందు మోదుగు పూస్తుంది. హోలీనాడు పిల్లలు ఆ పూలను ఉడికించి రంగునీరు తీస్తారు. ఈ కళకు మూలమైన విద్య అదే. మన వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర విభాగాలు కలిసి, స్థానికంగా లభించే రంగుమొక్కలను సేకరించి, సిరిసిల్ల నూలుబట్టపై పరీక్షించవచ్చు. అందుకు కావలసినవి ఒక పొయ్యి, కొంత పటిక, ఓర్పుగల నలుగురు విద్యార్థులు. కళాశాల సంఘం ఈ చిన్న ప్రయత్నానికి చేయూతనిస్తుందని ఆశిద్దాం.