బండిలోని రెండవ బ్యాటరీ

అమెరికాలో కుమారుని యొద్ద కొన్ని నెలలు గడపి వచ్చిన శ్రోత యొకరు మాకు ఒక ప్రశ్న వ్రాసినారు. సెలవులలో వారందరు కలిసి ట్రక్కులో ప్రయాణము చేసినారట. ట్రక్కు వెనుకభాగమున అమర్చిన చిన్న గదిలో పడకలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్ ఉన్నవి. దీనిని అక్కడివారు క్యాంపరు అందురు. పగలు ఆరు గంటలసేపు బండి నడచినది. అయినను రాత్రి రెండు గంటలకు ఫ్రిజ్ ఆగిపోయినది. అందులో వారి ఇన్సులిను ఉన్నది. మందు చెడిపోవునేమో యని భయపడి తెల్లవారువరకు ఇంజను ఆడించుచు కూర్చుండిరట. "ఆరు గంటలలో నిండని బ్యాటరీ ఇంకెప్పుడు నిండును?" అని వారి ప్రశ్న.

ఇట్టి బండిలో రెండు బ్యాటరీలుండును. ఒకటి ఇంజనును కదల్చుటకు, రెండవది గదిలోని దీపములకు, ఫ్రిజ్‌కు. సాధారణముగా రెండింటిలోను సీసపు పలకలు, గంధకామ్లము ఉండును గాని స్వభావములు వేరు. మొదటిది కొద్ది సెకండ్లపాటు వందలకొలది ఆంపియర్లనిచ్చి ఊరకుండునది. రెండవది రాత్రంతయు కొద్దికొద్దిగా ఇయ్యవలసినది. కావున దాని పలకలు దళసరిగా నుండును. ఇంజనుతోపాటు తిరుగు ఆల్టర్నేటరే రెంటిని నింపవలెను.

ఆల్టర్నేటరు వంద ఆంపియర్లకు మించి ఇయ్యగలదు గదా, ఈ చిన్న బ్యాటరీ దానికొక లెక్కా యని తోచును. పొరపాటు ఇక్కడనే యున్నది. బ్యాటరీలోనికి ఎంత విద్యుత్తు పోవునో తేల్చునది ముఖ్యముగా దాని కొనలవద్ద నున్న వోల్టేజి. పూర్తిగా నిండి విశ్రాంతిగా నున్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ 12.6 లేక 12.7 వోల్టులు చూపును. దానిని చక్కగా నింపుటకు సుమారు 14.4 వోల్టులు కావలెను. అర వోల్టు తగ్గినను పని చాల మందగించును.

కాలువ క్రింద సేద్యము చేయువారికి ఇది చెప్పనక్కరలేదు. తల తూము వద్ద నీరు నిండుగ నుండవచ్చును. చివరి పొలమునకు అందునది వేరు. ఇక్కడ కాలువ రాగి తీగ. ఇంజను నుండి గదికి ఏడు మీటర్లు, తిరుగుదారి ఏడు మీటర్లు, వెరసి పదునాలుగు మీటర్లనుకొందము. తీగ మందము 2.5 చదరపు మిల్లీమీటర్లైనచో దాని నిరోధము దాదాపు ఓములో పదవ వంతు. పది ఆంపియర్లు ప్రవహించినంతనే ఒక వోల్టు దారిలోనే హరించిపోవును. ముందు 14.2 ఉన్నను వెనుక 13.2 మాత్రమే. బ్యాటరీ నిండుకొలది ప్రవాహము తగ్గి ఈ నష్టమును తగ్గును గనుక, తుదకు నిండుననుట నిజమే. కాని ఆరు గంటలు దానికి చాలవు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.15 వోల్టు.

1950 ప్రాంతములలో మన పల్లెలలో బ్యాటరీ రేడియోలుంచుకొన్న ఇండ్లకు ఇట్టి తంటా కొత్తది కాదు. బ్యాటరీని పట్నమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించెడివారు. సగము నిండినది తెచ్చుకొన్నచో నాటకము మధ్యలోనే పెట్టె మూగవోయెడిది. సగము నిండిన సీసపు బ్యాటరీని అట్లే వాడుచుండినచో పలకలపై స్ఫటికములు గట్టిపడి దాని ఆయువే తగ్గును.

రెండు బ్యాటరీలను ఎల్లప్పుడును కలిపియుంచరాదు. ఉంచినచో రాత్రి ఫ్రిజ్ రెంటిని త్రాగివేయును. ఉదయము అడవిలో ఇంజను కదలదు. అందుచే ఇంజను నడచునపుడు మాత్రమే కలుపు రిలే నుంచుదురు. కొందరు సిలికాన్ డయోడును పెట్టుదురు గాని, అది ఆరేడు పదుల వంతు వోల్టును తానే మింగును. సన్నని తీగ జబ్బునే డబ్బిచ్చి కొనితెచ్చుకొన్నట్లు.

క్రొత్త ట్రక్కులలో మరియొక చిక్కు కలదు. ఇంధనము ఆదా చేయుటకై, ముందరి బ్యాటరీ నిండగానే బండియే వోల్టేజిని తగ్గించును. అప్పుడు లావు తీగ ఒక్కటే చాలదు. వచ్చిన వోల్టేజిని వలసినంతకు పెంచి యిచ్చు డీసీ–డీసీ ఛార్జరు కావలెను. లిథియం బ్యాటరీ యైనచో దీని అవసరము మరింత హెచ్చు. అది తక్కువ తీసికొనదు, మితిమీరి లాగి ఆల్టర్నేటరును వేడెక్కించును. ఛార్జరు ఆ ఆత్రమునకు పగ్గము వేయును.

తీగకు రెండు కొనలందును బ్యాటరీలున్నవి గనుక రెండు చోట్లను, బ్యాటరీకి ఆనుకొని ఫ్యూజు ఉండవలెను. ఒరిపిడికి పైతొడుగు అరిగి తీగ చట్రమునకు తగిలినచో అది క్షణములో ఎర్రగా కాలును. పైన పిల్లలు నిద్రించుచుందురు. రాత్రి ఇంజను ఆడించుటయు మేము హర్షింపము. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

ఇంజను నడచుచుండగా రెండు బ్యాటరీల వద్దను వోల్టుమీటరుతో కొలిపించి చూడుడని మేము ఆ శ్రోతకు జవాబు వ్రాసితిమి. కుమారుడు కొలిచినాడట: ముందు 14.1, వెనుక 12.9. వెనుక దీపముల ప్లగ్గు నుండియే ఆ సన్నని తీగను తెచ్చినారని తరువాత తెలిసినది. ఇప్పుడు లావు తీగ, రెండు ఫ్యూజులు వేయించి, ఛార్జరు కొరకు బేరమాడుచున్నారట. ఇన్సులినుకు మాత్రము ఈసారి మంచుగడ్డల పెట్టె నొకటి వేరుగా తీసికొనిపోవుదుమని శ్రోత వ్రాసినారు.